మాణిక్యమ్మ ఎక్కని లిఫ్టు

నేను ఒక పాత లిఫ్టును. మడత గ్రిల్ తలుపు, లోపల నలుగురు పట్టే చోటు. పెదవాల్తేరులో ఎప్పుడూ సందడి లేని ఒక వీధిలో, మూడంతస్తుల అద్దె అపార్టుమెంటులో నన్ను బిగించారు. సముద్రపు గాలికి తుప్పు పట్టాను గానీ పని మానలేదు.

యజమాని ఊళ్లో ఉండేవాడు కాదు. పెత్తనమంతా మూడో అంతస్తులో అద్దెకుండే హైమావతి గారిది. పనిమనుషులు లిఫ్టు ఎక్కకూడదని ఆమె శాసనం. ఆమె ఇంట్లో పనిచేసే మాణిక్యమ్మ వేసవిలో కుళాయి రానప్పుడల్లా నీళ్ల బిందెలు మెట్ల మీదే మోసేది. నేను మాత్రం ఖాళీగా వేలాడుతూ ఉండేదాన్ని. నడుము పట్టేశాక ఆమె పని మానేసింది. పలకరించడానికి ఎవరూ వెళ్లలేదు.

ఆమె కొడుకు పైడిరాజు తాపీమేస్త్రీగా మొదలై కాంట్రాక్టరయ్యాడు. యజమాని అపార్టుమెంటు అమ్ముతున్నాడని తెలిసి మరో మాట లేకుండా కొనేశాడు. గోడలు బీటలిచ్చాయనీ, పునాది చూసుకోమనీ బ్రోకరే చెప్పినా వినలేదు. రిజిస్ట్రేషను రోజున వచ్చి నాలోకి ఎక్కి, ఎక్కడా దిగకుండా కిందికీ పైకీ తిరిగాడు. ముఖంలో సంతోషం లేదు. మర్నాడే అందరినీ ఖాళీ చేయమన్నాడు.

మిగతావాళ్లు తిట్టుకుంటూ వెళ్లిపోయారు. హైమావతి గారు కదలలేదు. అగ్రిమెంటు ఉంది, కోర్టుకు వెళతానన్నారు. పైడిరాజు నా ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు.

ఆమె మోకాళ్లు అరిగిపోయి ఉన్నాయి. ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజున ఒక్కో మెట్టు మీద కూర్చుని, పక్క గోడ పట్టుకుని జరుగుతూ దిగారు. కింద కుర్చీ వేసుకుని పైడిరాజు చూస్తూ ఉన్నాడు. ఆమె సాయం అడగలేదు, అతను లేవలేదు. ఆ ఇద్దరి మీదా నాకు ఒకేలా అసహ్యం వేసింది.

కొన్నాళ్లకు మాణిక్యమ్మను తీసుకొచ్చాడు. ఆ పూట ఫ్యూజు పెట్టి, నన్ను కడిగించి, బంతిపూల దండ కట్టాడు. తలుపు తెరిచి పట్టుకున్నాడు.

“ఎక్కమ్మా. ఇది మనదే ఇప్పుడు.”

“నానెక్కను,” అందామె. “ఆవిడ్ని మెట్ల మీద ఈడ్పిస్తన్నావంట. ఈదంతా అంటన్నారు.”

“నీకోసమేనమ్మా.”

ఆమె నడుము పట్టుకుని మెట్లెక్కింది. పై అంతస్తులో మాటలు లిఫ్టు గోతిలోంచి నాకు వినిపిస్తూనే ఉన్నాయి. హైమావతి గారు కూర్చోమన్నారు. మాణిక్యమ్మ కూర్చోలేదు.

“లిఫ్టు పన్జేస్తాదండీ. ఇల్లు దొరికిందాకా ఆపనివ్వను. దొరికాక ఎల్లిపోండి.”

“మాణిక్యం, అప్పట్లో నేను...”

“ఆ మాటొద్దండీ. మీరంటే నాకు ఇప్పుడూ పడదు.”

ఆమె కిందికి వచ్చేసరికి పైడిరాజు తలుపు పట్టుకునే నిలబడి ఉన్నాడు. ఇక్కడ ఉండడానికి సామాను ఎప్పుడు తెచ్చుకుందామని అడిగాడు. ఆమె కొడుకు ముఖంలోకి చూసింది.

“అలాటోళ్ల కింద సానాకాలం పన్జేసాన్రా. మళ్లా అలాటోడితో ఉండలేను.”

వీధిలోకి వెళ్లిపోయింది. అతను నా తలుపు వదలడానికి చాలాసేపు పట్టింది.

ఇల్లు దొరికాక హైమావతి గారు నాలోనే దిగి వెళ్లారు. ఆ తరువాత అతను నన్ను విప్పించి తుక్కు కొట్టుకు పంపేశాడు. ఇక్కడ విరిగిన ఫ్యాన్ల మధ్య పడి ఉన్నాను. నన్ను మోసుకొచ్చిన కూలీలు చెప్పుకుంటుంటే విన్నాను: అంత ఇంట్లో పైడిరాజు ఒక్కడే ఉంటున్నాడట. ఆదివారాలు తల్లి ఇంటికి వెళ్తాడట. ఆమె అన్నం పెడుతుందట గానీ, ఆ ఇంటి ఊసెత్తితే లేచి లోపలికి వెళ్లిపోతుందట.