బొమ్మ నాదే, మాట నాది గాదు

"నాలుగు," అన్నారెవరో వెనకనుంచి.

సదానందం తిరిగి చూడకుండానే బటన్ నొక్కాడు. తలుపులు మూసుకున్నాయి. ఆస్పత్రి లిఫ్టు నిండా జనం. తడి గొడుగుల వాసన, మందుల వాసన, ఎవరి డబ్బాలోంచో పచ్చిపులుసు వాసన. తలుపు పైన మారే అంకెల వైపు చూడాల్సిన వాళ్ళంతా అతని ముఖం వైపు చూస్తున్నారు. ఎదురుగా ఉన్న స్టీలు తలుపులో ఆ చూపులన్నీ అతనికి మసకగా కనబడుతూనే ఉన్నాయి.

ఇన్నేళ్ళలో లిఫ్టు ఎక్కినవాళ్ళు అతన్ని చూసింది లేదు. మూలన స్టూలు మీద ఒక ఖాకీ చొక్కా కూర్చుని ఉండేది, దానికి అంకె చెప్పేవాళ్ళు, దిగిపోయేవాళ్ళు. ఒకే రోజు పదిసార్లు ఎక్కి దిగినవాళ్ళు సాయంత్రం బస్టాపులో పక్కనే నిలబడినా గుర్తుపట్టేవాళ్ళు కాదు. గుర్తుపట్టడానికి ఆ ముఖంలో పెద్దగా ఏమీ లేదు. లోపలికి పోయిన బుగ్గలు, తలకు కొంచెం దూరంగా నిలబడ్డ చెవులు, నాలుగు రోజులకొకసారి గీసుకునే తెల్లగడ్డం. కళ్ళు మాత్రం ఎప్పుడూ ఎదుటి మనిషి చెప్పబోయే అంకె కోసం ఎదురుచూస్తున్నట్టు ఉండేవి.

ఆ కళ్ళే ఇప్పుడు సుబేదారిలో, ఆస్పత్రికి ఎదురుగా రోడ్డవతల, మూడంతస్తుల ఎత్తు ఇనుప చట్రం మీద వేలాడుతున్నాయి.

ఫొటో తీసింది శేఖర్, ఫ్లెక్సీల షాపాయన. రెండేళ్ళ కింద ఆస్పత్రి వార్షికోత్సవానికి వచ్చి సిబ్బంది అందరి ఫొటోలూ తీశాడు. సదానందాన్ని మెట్ల పక్కన తెల్లగోడకు నిలబెట్టి, "నవ్వకు, ఏడ్వకు, ఊకె చూడు కాకా," అన్నాడు. అతను ఊరికే చూశాడు. అంతటితో మరిచిపోయాడు.

ఈ వానాకాలం మొదట్లో హేతువాదుల సంఘమొకటి ఆ బోర్డు పెట్టించింది. ముఖం పక్కన పెద్ద అక్షరాలు: 'దేవుడు లేడనుకునే వాళ్ళలో నేనొకణ్ణి. మీ పక్కింటివాణ్ణే.' వారం తిరక్కముందే కాశిబుగ్గ రోడ్డులో ఒక ప్రార్థన మందిరం వాళ్ళు జవాబుగా ఇంకో బోర్డు లేపారు. 'చావు నా గడప దాకా వచ్చింది. ప్రభువు నన్ను నిలబెట్టాడు.' దాని మీదా అదే ముఖం. చొక్కా మాత్రం నీలంగా మార్చారు.

తర్వాత ఊరంతా అదే ముచ్చట. టీవీల వాళ్ళు రెండు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టి చూపించారు. మా బొమ్మ దొంగిలించారని హేతువాదులూ, మా సాక్షిని ఎగతాళి చేశారని మందిరం వాళ్ళూ పోలీసు స్టేషన్‌కు పోయారు. ఈ ఇద్దరికీ చెందని ఇంకెవరో ఒక తెల్లవారుజామున సుబేదారి బోర్డు మీదికి నల్లనూనె విసిరారు. అది గడ్డం దాకే అందింది. గడ్డం కింద నల్లటి చారలు రోజు రోజుకూ కొంచెం కిందికి జారుతూ వచ్చాయి.

సదానందం ఒక్కసారే శేఖర్ షాపుకు పోయాడు. శేఖర్ కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"ఏం జేద్దు కాకా. ఎవలొచ్చినా మామూలు మనిషి మొకం గావాలె అంటరు. నీదే పెడ్తున్న."

కంప్యూటర్‌లో ఆ ఫొటో కింద పేరు కూడా అదే ఉంది: మామూలు మనిషి. సదానందం కాసేపు దాన్ని చూశాడు. అది కూడా ఊరికే చూసింది. కేసు వెయ్యమని నలుగురు చెప్పారు గానీ, ఎవరి మీద వెయ్యాలో, ఏమని వెయ్యాలో అతనికి తోచలేదు.

అతని భార్య వినోద ఒక పొద్దుగూకే వేళ ఒక్కతే పోయి బోర్డు చూసి వచ్చింది. రాగానే చెప్పింది.

"నేను ఎటు జరిగితే అటే తిరుగుతానయ్ ఆ కండ్లు. ఇంట్ల నువ్వెప్పుడన్న నన్నట్ల చూసినవా?"

ఆ రోజునుంచి అన్నం పెట్టేటప్పుడు ఆమె చెయ్యి ఆగిపోయేది. అతని ముఖాన్ని, ఎక్కడో ఉన్న ఇంకో ముఖంతో పోల్చి చూస్తున్నట్టు చూసేది. ఏందని అడిగితే ఏం లేదనేది.

నాలుగో అంతస్తులో జనం దిగారు. దిగుతూ ఒకావిడ వెనక్కి తిరిగి ఇంకోసారి చూసింది. లిఫ్టు కిందికి వచ్చేసరికి స్ట్రెచర్ సిద్ధంగా ఉంది. ముసలాయనకు ఆపరేషన్. తల దగ్గర కొడుకు నిలబడి ఉన్నాడు. నుదుటిన ఇంకా తడి ఆరని కుంకుమ. లోపలున్న సదానందాన్ని చూడగానే అతను స్ట్రెచర్ పట్టుకుని ఆపేశాడు.

"ఈయన ఉంటే మేం ఎక్కం."

సూపర్‌వైజర్ హరికృష్ణ వచ్చాడు. ఏమైందని అడిగాడు.

"మా నాయినను థియేటర్‌కు తీస్కపోతాన్రు సార్. దేవుడు లేడన్నోని చేతుల మీదికెళ్ళి పోవాల్నా?"

స్ట్రెచర్ మీది ముసలాయన కళ్ళు తెరిచి సదానందాన్ని చూశాడు. ఆ చూపులో కోపం లేదు, భయం ఉంది. తనను చూసి ఒక మనిషి అట్లా భయపడడం సదానందానికి అదే మొదటిసారి. చెప్పకముందే లేచి బయటికి వచ్చి నిలబడ్డాడు. వార్డుబాయ్ బటన్ నొక్కుకున్నాడు. తలుపు మూసుకుంది. ఒకటి, రెండు, మూడు. ఆ అంకెల్ని బయటనుంచి చూడడం అతనికి అలవాటు లేదు. తానింకా లోపలే ఉన్నట్టు, ఇక్కడ నిలబడింది ఇంకెవరో అన్నట్టు అనిపించింది.

హరికృష్ణ జేబులోంచి మాస్కు తీసి ఇచ్చాడు.

"పెట్టుకో సదానందం. మొకం కనవడకుంటె ఎవలకు ఏం బాధ లేదు."

"నా మొకమే గద సార్."

"అందుకే."

సదానందం మాస్కు తొడుక్కున్నాడు. తన ఊపిరి తన ముఖానికే వెచ్చగా తగిలింది.

మూడో అంతస్తులో లిఫ్టుకు ఎదురుగా నిలువెత్తు కిటికీ ఉంది. తలుపు తెరుచుకుంటే చాలు, రోడ్డవతలి ముఖం సరిగ్గా అతని ఎత్తులో కనిపిస్తుంది. మొదట్లో అతను తల దించుకునేవాడు. తర్వాత తల దించినా అది చూస్తోందని తెలిసి, దించడం మానేశాడు. ఆ వేళ తలుపు తెరుచుకునేసరికి బోర్డు దగ్గర క్రేన్ ఉంది. ఎత్తైన తొట్టిలో నిలబడి ఒక మనిషి కత్తితో ఫ్లెక్సీని పైనుంచి కిందికి కోస్తున్నాడు. గొడవలు ముదిరాయని కార్పొరేషన్ వాళ్ళు రెండు బోర్డులూ తీసేయమన్నారట. ఎడమ చెవి అప్పటికే లేదు. కోసిన పట్టీ గాలికి ముఖం మీదికి లేచి, మళ్ళీ వెనక్కి పడుతోంది.

సదానందం తన చెవి తడుముకున్నాడు. మాస్కు దారం తగిలింది.

పదకొండు దాటాక ఒకామె పాపను భుజాన వేసుకుని ఎక్కింది. వెనక ఇంకెవరూ లేరు. పాప కళ్ళు సగం మూసి ఉన్నాయి, పెదవులు ఎండి ఉన్నాయి, చెదిరిన జుట్టుకు గులాబీ రంగు క్లిప్పు వేలాడుతోంది. "పిల్లల వార్డు," అంది తల్లి. అతను నాలుగు నొక్కాడు. ఆమె ఒక అడుగు దగ్గరికి జరిగి అతని కళ్ళలోకి చూసింది.

"అన్నా, కాశిబుగ్గ రోడ్డు బోర్డు మీద ఉన్నది మీరే గదా. కండ్లు చూడంగనే గుర్తువట్టిన."

అతను తలుపు పైని అంకెల వైపు చూశాడు.

"నా పేరు హన్నా. ఇది ఏంజెల్. జరం అసలు తగ్గుతలేదు. డాక్టర్లు ఏం చెప్తలేరు. ఒక్కసారి మీ చెయ్యి పెట్టుండ్రి అన్నా."

"బొమ్మ నాదే అమ్మా. మాట నాది గాదు."

"మాట ఎవలదైతేంది. చావు దాక పోయొచ్చిన చెయ్యి గదా."

"నేనేడికీ పోలే. ఈ డబ్బాల పైకీ కిందికీ, గంతే."

హన్నా వినిపించుకోలేదు. పాపను అతని వైపు తిప్పింది. అంతస్తులు దాటుతున్నాయి.

సదానందానికి ఆ వేడి చెయ్యి పెట్టకముందే తెలుసు. తాను పనిచేసే మిల్లు మూతపడి, అతను ఈ భవనానికే ఇటుకలు మోస్తున్న రోజుల్లో, తన బిడ్డను ఇట్లాగే భుజాన వేసుకుని పెద్ద దవాఖానకు నడిచాడు. మెడకు ఆనిన ఆ చిన్న నుదురు నిప్పులాగా ఉండింది. దారిలో ఒకచోట అది చల్లబడింది. జ్వరం దిగిందనుకుని అతను సంతోషపడ్డాడు. చాలా దూరం సంతోషంగానే నడిచాడు.

అతను చెయ్యెత్తి పాప తల మీద పెట్టాడు. ఏమనాలో తెలియలేదు. తమ ఇంటి దేవుడు ఐలోని మల్లన్న పేరు నాలుక దాకా వచ్చింది గానీ, ఈ తల్లి దేవుడు వేరు కదా అని ఆగిపోయాడు. ఏమీ అనకుండానే చేతిని అట్లాగే ఉంచాడు. తలుపు తెరుచుకున్నా తియ్యలేదు. మూసుకోబోయిన తలుపును హన్నా మోచేత్తో ఆపాల్సి వచ్చింది.

దిగాక ఆమె అడిగింది, "దేవుడున్నడు గదా అన్నా?"

"నాకు తెల్వదు తల్లీ. ఎక్కేటప్పుడు అందరు దండం పెడ్తరు. దిగేటప్పుడు కొందరే పెడ్తరు."

తర్వాత అతను నల్లా కింద చెయ్యి కడుక్కున్నాడు. అరచేతిలో వేడి పోలేదు. చొక్కాకు తుడుచుకున్నాడు. చల్లటి స్టీలు గోడకు ఆనించాడు. గోడ వెచ్చబడింది గానీ చెయ్యి చల్లబడలేదు. ఆ చెయ్యి తప్ప మిగతా ఒళ్ళంతా చలిగా ఉంది. తినబుద్ధి కాలేదు.

మధ్యాహ్నం వినోద ఫోన్ చేసింది.

"ఆ బొమ్మ పీకుతాన్రట గదా. అడిగి తీసుకరా. వంటింటి మీద కప్పుకుందాం, కురుస్తాంది."

"ఆ మొకం కింద కూసొని నేను తినను."

"మొకం పైకి వేద్దాం తియ్. మీద వాన పడ్తది, గంతే గదా." అంతలోనే అడిగింది, "గొంతు గట్లున్నదేంది?"

"మాస్కు పెట్టుకున్న."

"తీసి మాట్లాడు. ఎవలో మాట్లాడినట్టున్నది."

అతను తీసేలోపు ఎవరో లిఫ్టు పిలిచారు.

మూడో అంతస్తుకు వెళ్ళిన ప్రతిసారీ ముఖం కొంత తగ్గుతూ వచ్చింది. ఒకసారి నోరు లేదు. ఇంకోసారి ముక్కు లేదు. పనివాళ్ళు తిండికి దిగినట్టున్నారు, చాలాసేపు కుడికన్ను ఒక్కటే చట్రం మూలన మిగిలి అతన్ని చూసింది. అక్షరాల్లో 'నేనొకణ్ణి' అన్న ముక్క దాని పక్కన వేలాడుతోంది. నాలుగున్నర ప్రాంతంలో తలుపు తెరుచుకుంటే ఏమీ లేదు. ఖాళీ చట్రం. చట్రంలోంచి ఇన్నాళ్ళూ బొమ్మ కప్పేసిన గుట్టలు కనబడ్డాయి, వాటి పైన వాన వెలిసిన ఆకాశం. ధర్మసాగర్ అటు వైపే. అతను పుట్టిన ఊరు అటు వైపే. చివరన సన్నగా మెరిసేది చెరువు నీళ్ళో, మబ్బు అంచో తెలియడం లేదు. అదేమిటో తేల్చుకోవాలని సదానందం కొంచెంసేపు చూశాడు. ఎవరూ పిలవలేదు. తలుపు మూసుకుంది. అతను లిఫ్టు మూలన పడి ఉన్న చిన్న వస్తువేదో ఏరి గుప్పిట్లో పెట్టుకుని, స్టూలు మీద కూర్చుని వీపును మూలకు ఆనించాడు.

ఐదింటికి చూడవచ్చేవాళ్ళ వేళ. లిఫ్టు నిండింది, ఖాళీ అయింది, మళ్ళీ నిండింది. "మూడు," అన్నారెవరో. అతను నొక్కలేదు. వాళ్ళే నొక్కుకున్నారు. "రెండు," అన్నారు ఇంకెవరో, వాళ్ళూ నొక్కుకున్నారు.

"బోర్డు మీదికెక్కినంక ఈయనకు నెత్తికెక్కింది," అన్నాడొకాయన దిగుతూ. ఇద్దరు ముగ్గురు నవ్వారు. తలుపులు తెరుచుకున్నప్పుడల్లా అతని సగం తెరిచిన కళ్ళు ఎదుటివాళ్ళు చెప్పబోయే అంకె కోసం చూస్తున్నట్టే ఉన్నాయి.

నాలుగో అంతస్తులో హన్నా పరుగున వచ్చి ఎక్కింది. తలుపు మూసుకోకముందే మొదలుపెట్టింది.

"అన్నా, దిగింది. జరం దిగింది. సిస్టరేమో మందు పనిచేసింది అంటాంది. నాకెరుక. లేచి కూసొని నీళ్ళు అడిగింది అన్నా. ఆకలైతాంది అంటాంది." ఆమె చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "పాలకు పోతాన. మీకు చెప్పిపోదామని. మీరు తెల్వదంటిరి గానీ, మీ చెయ్యికి తెలిసింది."

మూడు దాటింది. రెండు దాటింది.

"ఏమన్న మాట్లాడరాదే అన్నా."

ఆమె వంగి, పొద్దున పాప తల మీద పెట్టిన ఆ కుడిచెయ్యిని రెండు చేతుల్లోకి తీసుకుంది. పిడికిలి బిగిసి ఉంది, చల్లగా ఉంది. ఆమె తల ఎత్తి అతని ముఖం చూసింది. ముక్కు దగ్గర మాస్కు గుడ్డ లోపలికీ బయటికీ కదలాలి కదా. అది కదలడం లేదు. లిఫ్టు కింద ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. బయట నిలబడ్డవాళ్ళు ఆమె దిగుతుందేమోనని పక్కకు జరిగారు. ఆమె దిగలేదు, అరవనూ లేదు. ఆ చెయ్యి పట్టుకునే ఉంది.

స్ట్రెచర్ తెచ్చారు. అత్యవసర విభాగం డాక్టరు వచ్చి చూసి, గంట పైనే అయి ఉంటుందన్నాడు. గంటసేపు లిఫ్టు ఎక్కి దిగినవాళ్ళు అక్కడే చాలామంది ఉన్నారు. ఎవరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. హరికృష్ణ మాస్కు తీసేశాడు. దాని కింద పొద్దుటి ముఖమే ఉంది. "ఇంటికి ఫోన్ చెయ్యుండ్రి," అన్నాడు, తానే చెయ్యకుండా. పైన పాప ఒక్కతే ఉందని గుర్తుచేసి నర్సు సుభాషిణి హన్నాను మెట్ల మీదుగా పంపించింది. వెళ్తూ వెళ్తూ ఆమె ప్రతి మలుపు దగ్గరా ఆగింది.

చేతులు సరిచేసేటప్పుడు సుభాషిణి అతని పిడికిలి విప్పింది. లోపలున్నది ఎవరిదో, అడగడానికి ఎవరూ లేరు. పారేయబుద్ధి కాక, బటన్ల పలక కింది సన్నటి అంచు మీద పెట్టింది. చాలా రోజుల దాకా అది అక్కడే ఉంది: సీతాకోకచిలుక ఆకారంలో గులాబీ రంగు జుట్టు క్లిప్పు, దాని పళ్ళ మధ్య చిక్కుకున్న ఒక సన్నటి వెంట్రుక.