మెయిళ్లు ఆగిన నెల

మైలవరం హైస్కూల్లో తెలుగు చెప్పే నాగలక్ష్మికి పుట్టుకతోనే చూపు లేదు. ఆ సంగతి ఊళ్లో పిల్లాపెద్దా అందరికీ తెలుసు. తెలియనిది తెలుగు టీచర్ల మెయిలింగ్ లిస్టులో వాళ్లకే.

విజయవాడలో రిటైరైన వెంకటకృష్ణారావు మాస్టారు పదేళ్ల కిందట మొదలుపెట్టిన లిస్టు అది. ఒకరు సందేహం రాస్తే మూడొందల మందికీ మెయిల్ వెళ్లేది. నాగలక్ష్మి కంప్యూటర్ దాన్ని పైకి చదివి వినిపిస్తే, ఆమె టకటకా టైపు చేసి జవాబు పంపేది. అక్కడ ఎవరూ "పాపం, చూపు లేకపోయినా ఎంత బాగా చెబుతుందో" అనలేదు. తప్పు రాస్తే మొహం మీదే చెప్పారు. అందులోనూ హనుమాన్ జంక్షన్ నుంచి రాసే సింధూరి మరీను. ఉద్యోగంలో చేరి మూడేళ్లయినా కాని ఆ పిల్ల, ఓ పద్యంలో గణాల దగ్గర ఆమెతో వారం రోజులు పోట్లాడింది. ఆ వారమంతా నాగలక్ష్మికి పండగే.

మొన్న జూన్‌లో ఆ సింధూరే లిస్టును వెబ్‌సైట్లో ఫోరంగా మార్చింది. ఆమె చెప్పిన కారణాల్లో అబద్ధం లేదు. అడిగిన సందేహమే ఏటా అడుగుతున్నారు. పాత జవాబులు ఎవరి మెయిల్లో ఎక్కడున్నాయో తెలియదు. ఫోరంలో అయితే అన్నీ ఒకచోట ఉంటాయి. మాస్టారు సరేనన్నారు. మెయిళ్లు ఆగిపోయాయి.

నాగలక్ష్మి ఫోరంలో చేరబోయింది. ట్రాఫిక్ లైట్లున్న బొమ్మలు ఎంచుకుంటేగానీ లోపలికి రానివ్వదట. ఆ బొమ్మల్లో ఏముందో కంప్యూటర్ చదివి చెప్పలేకపోయింది. భర్త గణేష్ చూసి, సరైనవి నొక్కాడు. కానీ లాగిన్ అయిన ప్రతిసారీ అవే బొమ్మలు. ఆయన డ్యూటీ నుంచి వచ్చేదాకా కాచుకుని కూర్చోవడం నాలుగు రోజులకే విసుగెత్తి, మానేసింది.

నెల తిరిగేసరికి సింధూరి ఫోన్ చేసింది.

"మేడం, లిస్టు తీసేశానని నా మీద కోపమా?"

"కోపం దేనికమ్మా?"

"మరి ఒక్క జవాబూ లేదు. నాగలక్ష్మిగారేరీ అని అందరూ నన్నే అడుగుతున్నారండీ."

 నాగలక్ష్మి దాచిందేమీ లేదు. ఎవరూ అడగలేదు, తను చెప్పలేదు. చెబితే ఏమవుతుందో మాత్రం బాగా తెలుసు. అయినా తనకు చూపు లేదనీ, ఆ బొమ్మల దగ్గరే ఆగిపోయాననీ చెప్పింది.

"సారీ మేడం," అంది సింధూరి. "నాకు తట్టనే లేదు."

రెండు రోజుల్లో బొమ్మల గొడవ తీసేసింది. ఫోరంలో ఎవరేం రాసినా మెయిల్‌గా కూడా వచ్చేట్టు, ఆ మెయిల్‌కి జవాబిస్తే ఫోరంలో పడేట్టు చేసింది. ఎవరితోనూ అననని మాట కూడా ఇచ్చింది.

కానీ సింధూరే మారిపోయింది. నాగలక్ష్మి ఏం రాసినా "అద్భుతం మేడం" అనడమే. ఒక సాయంత్రం ఎవరో సమాసాలు అడిగితే, నాగలక్ష్మి తొందరలో "కృష్ణాతీరం, కృష్ణానది రెండూ షష్ఠీ తత్పురుషలే" అని రాసి పంపేసింది. పంపిన నిమిషానికే నాలిక్కరుచుకుంది. కృష్ణ యొక్క తీరం, సరే. నది అలా కాదే, కృష్ణ అనే పేరున్న నది! దిద్దబోయి ఆగింది. సింధూరి ఏమంటుందో చూద్దామనుకుంది.

"ఎంత చక్కగా చెప్పారు మేడం," అంది సింధూరి.

నాగలక్ష్మి ఫోన్ తీసింది.

"నా తప్పు నీకు కనబడలేదా?"

"కనబడిందండీ... మీకెలా చెప్పాలో..."

"పోయినేడు ఎలా చెప్పావో అలాగే. నీకు భయపడి రెండుసార్లు సరిచూసుకునేదాన్ని. ఇప్పుడు ముద్దు చేసి పాడుచేస్తున్నావు. రేపు పిల్లలు ఆ తప్పే రాసుకుంటారు. వెళ్లి దిద్దు."

ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. తర్వాత "అలాగేనండీ" అంది.

పావుగంటలో మెయిల్ వచ్చింది. కంప్యూటర్ చదివింది: "నాగలక్ష్మిగారు పొరబడ్డారు. కృష్ణానది సంభావనా పూర్వపద కర్మధారయం. ఇంత చిన్న విషయంలో ఆవిడ తొందరపడటం ఆశ్చర్యంగా ఉంది."

"ఆ చివరి ముక్క ఎందుకే పిల్లా," అని గొణుక్కుంది నాగలక్ష్మి. గణేష్ అన్నానికి పిలుస్తున్నాడు. "వస్తున్నా," అని కేకేసి, నవ్వాపుకుంటూ "సింధూరిగారు చెప్పిందే రైటు" అని టైపు చేసింది.