టైల్స్ కింద మగ్గం గుంట

నేను ఒక గుంటను. నవ్వకండి, గుంటకి కూడా చెప్పుకోవడానికి ఒక బతుకుంటుంది. చీరాల దగ్గర ఒక నేతవారి ఇంట్లో, నడిమింటి నేలలో, మగ్గం కింద పుట్టినదాన్ని. నేతగాడు నా అంచున కూర్చుని నాలోకి కాళ్లు వదులుతాడు. అడుగునున్న తొక్కుడు చెక్కలను ఎడమకాలితో ఒకసారి, కుడికాలితో ఒకసారి తొక్కుతాడు. పైన పోగును మోసే నాడె అటూ ఇటూ పరిగెడుతుంది, చీర పెరుగుతుంది. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారని మీకో సామెత ఉంది కదా. నన్ను తీసిన రామలింగం మాత్రం రోజూ పొద్దున్నే దణ్ణం పెట్టి మరీ దిగేవాడు.

ఆయన తర్వాత కొడుకు చౌడయ్య దిగాడు. నాలోని చెమ్మ వల్లే పోగు తెగకుండా ఉంటుందని నలుగురిలో నన్ను మెచ్చుకునేవాడు. ఆయన భార్య కమలాక్షి దసరాకి నా అంచుకి పసుపు రాసి బొట్టు పెట్టేది. ఒక గుంటకి అంతకంటే ఏం కావాలి?

అలాంటి కమలాక్షికి గుండె జబ్బు చేసింది. ఆపరేషన్‌కి ఇంటి మీద అప్పు తేవాల్సి వచ్చింది. ఇంటికి ఎంత విలువ కడతారో ముందే చూద్దామని కూతురు భ్రమర ఫోన్‌లో ఒక సైటు తెరిచింది. అది గదుల గురించి అడిగింది, గోడల గురించి అడిగింది, చివరికి నేల దగ్గరికి వచ్చింది.

"గుంటని ఏమని పెట్టను నాన్నా?"

"మగ్గం గుంటని పెట్టమ్మా."

"అట్టాంటిది ఇందులో లేదు. 'నేల పాడైంది' అని ఉంది, అంతే."

అదే నొక్కింది. విలువ ఒక్కసారిగా పడిపోయింది. ఇన్ని చీరలు నేయించిన నేను పాడైన నేలనట! ఒళ్లు మండింది. కానీ ఆ పిల్ల ముఖం చూశాక కోపం నిలవలేదు.

"పూడ్చేద్దాం," అన్నాడు చౌడయ్య.

"నా కోసం మగ్గం తీయొద్దయ్యా," అంది కమలాక్షి.

"నువ్వుంటేనే కదే మగ్గం."

సగం నేసిన చీరను కోసేశాడు. మగ్గం మీద మిగిలిన నిలువు పోగులు, అంటే పడుగు, నూలు ఇచ్చిన షావుకారుకి తిరిగి వెళ్లింది, అక్కణ్నుంచి ఇంకొకరి మగ్గానికి పోయింది. చౌడయ్య నా అంచున కర్పూరం వెలిగించి, మొదటి తట్ట మట్టి తనే పోశాడు. పైన తెల్లటి టైల్స్ పరిచారు.

బ్యాంకు పంపిన ఇంజినీరు వచ్చి బయట స్థలం కొలుచుకున్నాడు. గుమ్మంలోంచి లోపలికి తొంగిచూసి వెనుదిరిగాడు.

"నేల చూడరా సార్? కొత్తగా వేయించాం," అంది భ్రమర.

"ఇంత పాత ఇంటికి గోడలూ నేలా లెక్కలోకి రావమ్మా. స్థలానికే విలువ."

"ఇక్కడ మగ్గం గుంట ఉండేదండి," అన్నాడు చౌడయ్య మెల్లగా.

"ఉంటే ఉండనీయాల్సింది. దానికేం?"

ఆ మాట మట్టిలో ఉన్న నాకూ వినిపించింది.

అప్పు వచ్చింది. కమలాక్షి బతికి ఇంటికి వచ్చింది. అందుకు నాకు నిజంగానే సంతోషం. "మళ్లీ తవ్వించుకోవయ్యా," అని ఆమె అంటే, "ఈ వయసులో నాకు పడుగు ఎవరిస్తారే?" అన్నాడు. ఇప్పుడాయన మిల్లు చీరలమ్మే కొట్టుకి కాపలా పోతున్నాడు.

పొద్దున టీ తాగేటప్పుడు సరిగ్గా నా మీదే కుర్చీ వేసుకుంటాడు. కాసేపటికి కాళ్లు వాటంతటవే కదులుతాయి. ఎడమకాలు, తర్వాత కుడికాలు. కమలాక్షి అది చూసి వంటింట్లోకి వెళ్లిపోతుంది. దిగి రావయ్యా అని పిలవాలనిపిస్తుంది నాకు. కానీ నాలో ఇప్పుడు చోటు లేదు.