పక్కింటి గోలీలు

పటేల్‌గూడలోని ఆ కిరాయి ఇంట్లో పొద్దున్నే పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. నిషిత పక్కనే నిలబడి చూస్తూ ఉంది. చెయ్యి మాత్రం కదల్లేదు. "నిద్ర సాల్తలేదు నీకు, గంతే" అన్నాడు భర్త శ్రావణ్‌కుమార్, కంపెనీ బస్సు అందుకునే తొందరలో. మన ఇళ్లలో దిగులు జబ్బుకు ఇటువంటి పేర్లే పెడతాం.

ఆమె తిండి కూడా మానేశాక సంగారెడ్డిలో మానసిక వైద్యురాలు రమ్యశ్రీకి చూపించాడు. "గుణం తెలియడానికి నాలుగైదు వారాలు పడుతుంది. ఏ ఇబ్బంది ఉన్నా నా దగ్గరికే రండి" అని ఆమె మాత్రలు రాసింది.

మూడో వారమైనా మార్పు లేదు. మళ్లీ వెళ్లడానికి శ్రావణ్‌కు సిగ్గు. కిందటిసారి అక్కడ తోటి కార్మికుడు కనిపిస్తే తనే మొహం తిప్పుకున్నాడు. అందుకని పక్కింటి బుల్లెమ్మతో చెప్పుకున్నాడు.

"మా అబ్బాయి మధుబాబుక్కూడా ఇదే జబ్బు బాబూ! వాడికి ఈ మాత్రలే పనిచేశాయి. ఇవీ వేసి చూడు" అందావిడ. ఆవిడ మాటలో ప్రేమే తప్ప మరొకటి లేదు.

రెండూ కలిపి మింగిన నిషితకు చేతులు వణికాయి. ఒళ్లు కాలిపోయింది. మనుషుల్ని గుర్తుపట్టలేదు. ఆస్పత్రిలో చేర్చారు.

"రెండూ దిగులుకిచ్చేవే, పనిచేసే తీరు వేరు" అంది రమ్యశ్రీ. "మెదడులో నాడీకణాల మధ్య కబుర్లు మోసే రసాయనాలుంటాయి. పని కాగానే కణం వాటిని లోపలికి లాగేసుకుంటుంది. నేనిచ్చింది ముఖ్యంగా సెరటోనిన్ అనేదాన్ని లాగనివ్వదు. మీరిచ్చింది పాత రకం. దాంతోపాటు ఇంకో రసాయనాన్నీ లాగనివ్వదు, గుండెమీదా పనిచేస్తుంది. ఆ రసాయనాలను విరగనివ్వని మందులు మరో రకం. ఎవరికేది సరిపడుతుందో చూసి మార్చాల్సింది మేము. రెండూ కలిసేసరికి సెరటోనిన్ హద్దు దాటింది."

"గుణం లేదని గిట్ల చేసిన మేడం..."

"ఇంకొన్నాళ్లు ఆగితే కనపడేదేమో. లేకపోతే నేనే మందు మార్చేదాన్ని. మీరు రాలేదు."

నిషిత బతికింది. కానీ ఇప్పుడు గోలీ చూస్తేనే బెదిరిపోతుంది. "నన్ను మళ్ల గట్ల చెయ్యకు" అని మొగుడికి దండం పెడుతుంది. మందు లేక దిగులు అలాగే ఉండిపోయింది. బడి నుంచి వచ్చాక కూతురు తనుశ్రీ తల్లిని పలకరించడం కూడా మానేసింది.

ఒకనాడు క్యాంటీన్‌లో తోటివాళ్ల ముందు శ్రావణ్ నోరు విప్పాడు.

"మనసు బాగలేకుంటే డాక్టర్ దగ్గరికి పోనీకి సిగ్గుపడకుండ్రి. ఒకరి గోలీలు ఇంకొకరికి ఇయ్యకుండ్రి. సిగ్గుపడ్డది నేను, శిక్ష పడ్డది నా పెండ్లానికి."