సన్నబడిన షిఫ్టు చార్టు

గాజు సీసాల ఫ్యాక్టరీలో ఎవరు ఏ పూట రావాలో, ఏ యంత్రం దగ్గర నిలబడాలో ఒక ఎక్సెల్ ఫైలు చెబుతుంది. షిఫ్టు మొదట్లో బటన్ నొక్కితే అందులోని మాక్రోలనే చిన్న ప్రోగ్రాములు పేర్లు సర్ది గేటు దగ్గరి తెర మీదికి పంపుతాయి. ఆ మాక్రోలు రాసింది టైం ఆఫీసు గుమాస్తా. అందరికీ ఆమె చార్టమ్మ. కొలిమి దగ్గర పనిచేసే మరిదికి మాత్రం వదిన.

ఏళ్ల తరబడి మార్చీ మార్చీ ఫైలు ఉబ్బిపోయింది. బటన్ నొక్కాక తెర మీద చక్రం తిరుగుతూనే ఉండేది. ఆ కాసేపూ మనుషులు గేటు అరుగు మీద కూలబడేవాళ్లు.

"నీ ఫైలేమన్నా నిండు చూలాలా వదినా? కదలనంటోంది!" అనేవాడు మరిది.

"నోరుమూసుకుని కూర్చో. దొరికిందే సందు," అనేది ఆమె.

ఆ అరుగు మీదే మేనేజరు కన్ను పడింది.

"చూడమ్మా, కూర్చోబెట్టి మేపడానికి ఇది సత్రం కాదు. ఆ ఫైలు తగ్గించు. నీ వల్ల కాదంటే బయటివాణ్ని పిలుస్తా."

ఆమెకు రోషం వచ్చింది. పేదవాడి కోపం పెదవికి చేటంటారు. ఈ రోషం పెదవితో ఆగలేదు.

మాక్రోలకో పాడు గుణం ఉంది. మార్చిన ప్రతిసారీ పాతదాని తుక్కు కంటికి కనపడకుండా లోపలే మిగిలిపోతుంది. అది పోవాలంటే మాక్రోలుండే అరల్ని, అంటే మాడ్యూళ్లను, ఒక్కొక్కటిగా మామూలు టెక్స్టు ఫైళ్లుగా బయటికి తీసి, లోపలివి చెరిపేసి, మళ్లీ ఎక్కించాలి. సామానంతా వీధిలో పెట్టి ఇల్లు కడుక్కున్నట్టు. ఆమె అదే చేసింది. ఖాళీ వరసలకు అడుగుదాకా పూసిన రంగులు కూడా గీకేసింది. ఫైలు పదోవంతుకు దిగింది.

మేనేజరుకు అదీ చాల్లేదు. మాడ్యూళ్ల పేర్లు చూస్తూ ఒకచోట ఆగాడు.

"ఈ 'విశ్రాంతి' ఏంటి?"

ఏంటో అతనికి తెలుసు. రాత్రి పని దిగినవాడి పేరు వెంటనే పొద్దుటి షిఫ్టులో పడకుండా ఆపేది అదే. కొలిమి ముందు ఒకడు నిద్రకు తూలి చెయ్యి కాల్చుకున్నాక, సమ్మె చేసి సాధించుకున్నది. అప్పుడు కాగితం మీద రాసిస్తామంటే కార్మికులే వద్దన్నారు. "కాగితం చింపేస్తారు సార్. మిషన్లో పెట్టండి, మిషన్ అబద్ధమాడదు," అన్నారు. చప్పట్లు కూడా కొట్టుకున్నారు, వెర్రివాళ్లు! మిషన్ అబద్ధమాడదు, నిజమే. దాని తాళం ఎవడి మొలలో ఉందో చూసుకోవద్దా?

"తీసెయ్. దండగ బరువు."

"పది లైన్లు సార్ అది. ప్రతి షీటు మీదా అతికించిన కంపెనీ బొమ్మలున్నాయే, వాటి బరువు ముందు ఇదెంత? ఆ బొమ్మలు తీసేద్దాం."

"బొమ్మల జోలికెళ్లకు. అది కంపెనీ పరువు."

"ఇది మనుషుల ప్రాణం. నేను తియ్యను."

తియ్యలేదు. బయటివాడు వచ్చాడు. టీ తాగాడు, విశ్రాంతిని పీకేశాడు, ఆమె మళ్లీ ముట్టకుండా మాక్రోలకు పాస్‌వర్డ్ బిగించి పోయాడు.

ఆ వారం చార్టులోనే మరిది పేరు రాత్రి షిఫ్టులోనూ, దాని వెనకే పొద్దుటి షిఫ్టులోనూ పడింది. తెల్లారి కొలిమి దిగి, ఎర్రబడ్డ కళ్లతో, తనలాగే ఇరుక్కున్నవాళ్లను వెంటేసుకుని మేనేజరు గదికి వచ్చాడు. చార్టమ్మ అంతకుముందు బయటికి తీసి దాచిన విశ్రాంతి టెక్స్టును ప్రింటు తీసి తెచ్చింది.

"రాత్రి చేసినోడికి పొద్దున వెయ్యకూడదు సార్. రూలుంది," అన్నాడు మరిది.

"ఎక్కడ రాసుంది?"

"ఫైల్లో."

"ఫైల్లో లేదే! వెతుక్కో."

చార్టమ్మ కాగితం బల్ల మీద పెట్టింది. మేనేజరు దాన్ని వేలితో తిప్పి చూశాడు.

"సంతకమేదమ్మా? ఇలాంటివి నేనూ టైప్ చేస్తా ఇంట్లో కూర్చుని."

"ఎవరమూ లోపలికి పోవద్దు. ఇక్కడే కూర్చుందాం," అంది ఆమె వెనక్కి తిరిగి.

వాళ్లు నేల చూపులు చూశారు. "చార్టులో పేరు పడ్డాక ఏం చేస్తాం అక్కా..." అని గొణిగి ఒకడు కదిలాడు. వాడి వెనక మిగతావాళ్లు. సమ్మె చేసిన కాళ్లే అవి!

బెల్లు మోగింది. మరిది గేటు దగ్గరికి పోయి, అలవాటుగా అరుగు మీద కూలబడబోయాడు. లోపల వదిన బటన్ నొక్కింది. చక్రం తిరగలేదు. రెప్ప వాల్చేలోపు పేర్లన్నీ తెర మీద ఉన్నాయి.

సగం వంగినవాడు అలాగే మోకాళ్లు పట్టుకుని లేచాడు.

"బాగా తగ్గించావు వదినా," అని కొలిమి వైపు నడిచాడు.