అక్క అడిగిన ఐదు నిమిషాలు

ముప్పై తొమ్మిది. ఇంకొకరు రావాలి.

కండక్టరు బస్సు మెట్ల మీద నిలబడి మళ్లీ తలలు లెక్కపెట్టాడు. ఉద్యోగం వదిలి ఆరేళ్లయింది. పైగా ఈ బస్సు అతనిది కాదు, ఓడ దిగిన వాళ్లకు ఊరు చూపించే బస్సు. లెక్క చూసుకోవలసింది గైడు పిల్ల. అయినా అతని వేలు ఊరుకోదు.

తక్కువైన ఆ ఒక్కరూ అతని అక్కే. గుమ్మటాల భవనం మెట్లు గోడ పట్టుకుని ఒక్కొక్కటే దిగుతోంది. కుట్టుమిషను తొక్కీ తొక్కీ కుడి మోకాలు అరిగిపోయింది. అమ్మ పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆ మిషనే. ఎవరైనా పెళ్లి మాట ఎత్తితే, "ఈ నాలుగు జాకెట్లూ అవనీండి" అనేది. ఆ జాకెట్లు ఎప్పటికీ అవలేదు.

"రా అక్కా, రా రా! జరగాలి!"

"వస్తున్నానురా! టిక్కెట్టు లేకుండా ఎక్కిన దాన్నా, అలా అరుస్తావు?"

బస్సంతా నవ్వింది. అతనూ నవ్వి, బస్సు ఒంటి మీద రెండు దెబ్బలు చరిచాడు. "రైట్ రైట్!" డ్రైవరు కదిలించాడు.

మధ్యాహ్నం రోడ్డు సముద్రం పక్కకు తిరిగింది. తెల్లటి ఇసుక, ఇంటి గడపంత ఎత్తున చిన్న అలలు. నాలుగు రోజులుగా నీళ్ల మీదే ఉన్నారు గానీ, ఓడ మీంచి ఆ నీళ్లు ఏడంతస్తుల కింద.

"ఒరేయ్, ఒక్క ఐదు నిమిషాలు ఆపమనరా. కాళ్లు తడుపుకుని వచ్చేస్తాను."

గైడు పిల్ల వెనక్కి తిరిగింది. "ఆపమంటారా తాతగారూ?"

"వద్దమ్మా. ఈవిడ ఐదు నిమిషాలంటే అరగంట. ఓడ మన కోసం ఆగదు."

"నీ బస్సు మాత్రం ఎవరి కోసం ఆగిందిలే," అంది అక్క. కోపం లేదు ఆ మాటలో. కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

అతనికి ఎక్కడో చివుక్కుమంది. సంచులు మోసుకుంటూ పరుగెత్తుకొచ్చే వాళ్లను ఎందరినో చూస్తూనే రైట్ చెప్పేశాడు. టైము తప్పని కండక్టరని పేరొచ్చింది. ఏం చేసుకుంటాడు ఆ పేరు?

రేవు గేటు దగ్గర కాపలా మనిషి గడియారం చూశాడు. "అందరికన్నా ముందొచ్చారే! ఓడ కదలడానికి ఇంకా రెండున్నర గంటలుంది."

రెండున్నర గంటలు. కండక్టరు మొహం మాడిపోయింది. అందరూ దిగాక గబగబా బస్సులోకి వెళ్లాడు.

"అక్కా, లే. తప్పు నాదే. టాక్సీ మాట్లాడతాను, వెనక్కి పోదాం. నీళ్లలో నీ ఇష్టమొచ్చినంతసేపు కూర్చో."

ఆమె తల కిటికీ అద్దానికి ఆనించి ఉంది. భుజం తట్టాడు. ఒళ్లోని చెయ్యి జారి పక్కకు వాలింది. మళ్లీ తట్టలేదు. ఆ చెయ్యి తీసి ఒళ్లో పెట్టి, చీర కొంగు సర్దాడు.

ఓడ డాక్టరు వచ్చి చూసి, నెమ్మదిగా అడిగాడు: "ఏ టైముకు జరిగింది?"

"చూడలేదు బాబూ," అన్నాడు కండక్టరు. "నేను రోడ్డు చూస్తున్నాను."

ఆమెను దించి తీసుకెళ్లాక, డ్రైవరు ఆమె సీట్లో ఉన్న చేతిసంచి తెచ్చి ఇచ్చాడు. లోపల కళ్లజోడు, మోకాలి మాత్రలు. వాటి అడుగున, పొద్దున ఓడ దిగేముందే పెట్టుకున్నట్టుంది, అంచులు తన చేత్తో కుట్టుకున్న కాళ్లు తుడుచుకునే చిన్న తువ్వాలు, నాలుగు మడతల్లో, పొడిగా.