పేరు లేని ముక్క

రుఖయ్యా రెండు జ్వరం మాత్రలు కత్తిరించి, కాగితం కవరులో వేసి, షట్టరు కింద కనిపిస్తున్న చేతికి అందించింది. బంద్ రోజుల్లో మందుల దుకాణాలకు మినహాయింపు ఉన్నా, చంద్రమౌళి సేటు ధైర్యం నడుము ఎత్తు దాకానే. షట్టరు అక్కడి వరకు దించి ఉంచేవాడు. కావలసినవాళ్లు వంగి లోపలికి రావాలి, లేదంటే చెయ్యి చాపాలి. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై ఇరవై రోజులు దాటింది. ఈ ఇరవై రోజుల్లో ఆమె జనం ముఖాలకంటే మోకాళ్లే ఎక్కువ చూసింది.

ఇవాళ సరిగ్గా దుకాణం ముందే వంటావార్పు పెట్టారు. మానుకోట నడిబజారులో వరసగా పొయ్యిలు, డప్పులు, నినాదాలు. పప్పులో పడ్డ పోపు వాసన షట్టరు కింది నుంచి దూరి, లోపలి స్పిరిటు, ఫినాయిలు, పిల్లల సిరప్పుల తీపి వాసనతో కలిసి, బయటికి పోయే దారిలేక అక్కడే నిలబడింది. ఆమె కూడా అలాగే నిలబడింది. దుపట్టా అంచు ముక్కుకు అడ్డం పెట్టుకుని, బుగ్గలోని లవంగాన్ని అటు నుంచి ఇటు మార్చుకుంది. మూడో నెల. పొద్దుటినుంచి మంచినీళ్లు కూడా కడుపులో ఇమడలేదు.

ఆ సంగతి అత్త కుబ్రా బీకి తప్ప ఎవరికీ తెలియదు. "కుఛ్ నై హోతా, సబ్కో హోతా," ఏం కాదు, అందరికీ అయ్యేదేనని ఆమె కొట్టిపారేసింది. భర్త అకీల్ చెల్పూరు కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు కూలీ. బస్సులు ఆగిపోయి అక్కడే చిక్కుకున్నాడు. ఫోనులో చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. క్రితంసారి చెప్పిన సంతోషం నెల కూడా నిలవలేదు మరి. ఇక సేటుకు చెప్పడమన్న మాటే లేదు. తనకు ముందు ఇక్కడ పనిచేసిన కల్పనకు ఐదో నెలని తెలిసిన రోజే, మిఠాయి చేతిలో పెట్టి మరీ ఇంటికి పంపించాడు. మంచి మనిషి. ఆ మంచితనమంటేనే రుఖయ్యాకు భయం.

ఎనిమిదేళ్లుగా ఆమె లోకం ఈ కౌంటరు వెనక మూడడుగుల సందు. ఏ మందు ఎక్కడుందో కళ్లు మూసుకుని చెబుతుంది. ఏది ఎందుకో మాత్రం సేటు చెప్పినంతవరకే తెలుసు. ఉర్దూ బడిలో ఏడో తరగతితో ఆగిన చదువు ఆమెది. అవన్నీ తెలిసిన మనిషి గోడ మీద అద్దం చట్రంలో ఉన్నాడు. దుకాణం లైసెన్సుకు పేరు మాత్రం ఇచ్చిన ఫార్మసిస్టు దయాకర్, సర్టిఫికెట్టూ మీసాల ఫోటోతో సహా. ఆయన్ని ఆమె ఇంతవరకు చూడలేదు. వారానికోసారి ఆయన ముఖం మీది దుమ్ము తుడుస్తుంది, అంతే పరిచయం.

కత్తెర మాత్రం ఆమె సొంతమైపోయింది. బొటనవేలు ఒరుసుకుపోతుంటే పాత కమీజు నుంచి ఆకుపచ్చ గుడ్డ చింపి పిడికి చుట్టుకుంది. మాత్రల షీటు మీద పేరూ తేదీ ఉన్న కొస దుకాణంలోనే ఉండాలన్నది సేటు నియమం. కొన్నవాళ్ల చేతికి పోయేది పేరు లేని ముక్కే. వాంతులకు మూడు రకాల మాత్రలున్నాయి. మూడూ తెల్లగా, చిన్నగా ఉంటాయి.

నాలుగేళ్ల కిందట ఇలాగే వాంతులైతే, సొరుగులో పడివున్న ఒక ముక్క నుంచి మాత్ర తీసి మింగింది. వారం తిరక్కుండానే కడుపు పోయింది. ఆ మాత్ర వల్లనో, మరింక దేనివల్లనో ఎవరూ చెప్పలేదు. ఏం మింగావని అడిగినా చెప్పడానికి ముక్క మీద పేరు లేదు. అప్పటినుంచి ఆ ప్రశ్న ఆమెను వదల్లేదు. ఇప్పుడు చుట్టూ గోడల నిండా మందులే, ఒక్కటి నోట్లో వేసుకునే ధైర్యం లేదు.

మధ్యాహ్నం ఒక పిల్ల షట్టరు కింద వంగి వచ్చింది. పెదవులు ఎండి, కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. పేరు అండాలు అంది. కొత్తగూడ నుంచి ట్రాక్టరు మీద వచ్చిందట. కొంగుముడి విప్పి, రెండు మాత్రలు మిగిలిన ముక్క కౌంటరు మీద పెట్టింది.

"గియ్యే ఇంకో నాలుగు ఇయ్యి అక్కా. మా ఆయన మొన్న ఈడనే కొనుక్కొచ్చిండు."

"ఎవరికి?"

"నాకే. మూడో నెల. ఒక్క మెతుకు ఆగుతలేదు. రెండు ఏసుకున్న గని, తర్వాత భయమైంది. కడుపుతోనున్నోళ్లు గివి ఏసుకోవచ్చునా?"

ముక్క అంచు ఏటవాలుగా తెగి ఉంది. కత్తెర వదులైనప్పటినుంచి తన కోత అలాగే ఉంటోంది. రుఖయ్యా దాన్ని ఇటూ అటూ తిప్పింది, మూడు డబ్బాల్లోని మాత్రల పక్కన పెట్టి చూసింది. అది ఏ డబ్బాలోదో పోల్చుకోలేకపోయింది.

సేటు పేపరులోంచి తల ఎత్తకుండానే పక్కనున్న షీటు ఒకటి తోశాడు. "గిది కొయ్యి బిడ్డా. వాంతులకు ఏదైనా ఒకటే."

ఆమె షీటు మీద కత్తెర పెట్టింది. వేళ్లు ముడుచుకోలేదు.

"సేటూ, గిది కడుపుల పిల్లకు మంచిదేనా?"

"ఎనిమిదేండ్ల సంది కోస్తున్నవ్, గిప్పుడు అడుగుతవేంది?"

"గిన్నేండ్లు అడగలేదు, గదే నా తప్పు." కత్తెర అలాగే వదిలేసి అండాలు వైపు తిరిగింది. "అప్పుడు ఏది కోసిచ్చిన్నో నాకు తెల్వదు చెల్లే. కడుపుతోనున్నోళ్లకు ఇచ్చే గోలీ ఉంటదట గని, అది ఏదో డాక్టరమ్మ చెప్పాలె. సమ్మె అయినా పెద్ద దవాఖానల గర్భిణోళ్లను చూస్తున్నరు. పా, నేను గూడ వస్త."

"నువ్వెందుకు?" అన్నాడు సేటు.

"నాకు గూడ మూడో నెల."

సేటు కళ్లద్దాలు తీశాడు. ఆయన ముఖం మెత్తబడింది. ఆమె ఇన్నాళ్లూ భయపడ్డది ఆ మెత్తదనానికే.

"ముందే చెప్పొద్దా బిడ్డా. గీ వాసనలల్ల నిలబడుడేంది? రేపటి సంది ఇంటికాడనే ఉండు. జర పానం చూసుకో." గ్లూకోజు ప్యాకెట్టు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

కోపపడి ఉంటే ఎదురు మాట్లాడేది. ఈ దయకు ఏడుపొచ్చింది. ముక్కను మళ్లీ అండాలు కొంగున కట్టి, "డాక్టరమ్మకు గిది గూడ చూపెట్టు," అంది.

ఇద్దరూ వంగి బయటికి వచ్చారు. పొయ్యి దగ్గరి ఆడవాళ్లు విస్తరి చూపించి "తినిపోండ్రి" అని పిలిచారు. ఇద్దరూ ఒకేసారి ముక్కులు మూసుకుని దవాఖాన వైపు నడిచారు.

లోపల కౌంటరు మీద ఆకుపచ్చ గుడ్డ చుట్టిన కత్తెర నోరు తెరుచుకునే ఉంది. దాని మధ్య ఆ షీటు, కొసన పేరుతో సహా, పది మాత్రలూ తెగకుండా ఉంది.